వాక్యాన్ని మింగిన గొంతు

పదిమంది కళ్ళు పడిన చోట తప్పు దాగి ఉండలేదని ఒక నమ్మకం ఉంది. రాసిన కోడ్‌ను దాచకుండా అందరి ముందూ పెట్టి, ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అనే పద్ధతిలో సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారిలో ఈ నమ్మకం మరీ బలమైనది. వారిలో దేవుణ్ణి నమ్మనివారు కూడా దీన్ని నమ్ముతారు. అది ఉత్త భ్రమ అనడానికి వీల్లేదు, చాలాసార్లు నిజమైంది. అయితే చాలాసార్లు నిజం కావడం వేరు, ప్రతిసారీ నిజం కావడం వేరు. ఈ కథ ఆ రెంటి మధ్య ఉన్న సందులో జరిగింది.

గొంతు అనేది ఒక ప్రోగ్రాం పేరు. కంప్యూటరులో ఉన్న పుస్తకాన్నో ఉత్తరాన్నో చూపులేనివారికి చదివి వినిపించడం దాని పని. దానికి యజమాని లేడు. ఎక్కడివారైనా దాని కోడ్ చదివి, ఫలానా చోట ఇలా మార్చండి అని సూచించవచ్చు. ఆ సూచనను అసలు ప్రతిలో చేర్చే అధికారం మాత్రం కొద్దిమందికే ఉంటుంది. వారిని తాళాలవాళ్ళంటారు. జీతాలు లేవు, తగాదాలు కావలసినన్ని. తగాదాలు తీర్చుకోవడానికి ఏళ్ల తరబడి వాదించుకుని ఒక నియమావళి రాసుకున్నారు. అందులో మొదటిది సాక్షి నియమం. తప్పుందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, వారికి ఏ బంధుత్వమూ లేని మరొకరు అదే తప్పును తమ కంప్యూటరులో పట్టుకుని సాక్ష్యం చెప్పాలి. సాక్షి దొరకని ఫిర్యాదును మూసేస్తారు.

తాళాలవాళ్ళలో ఒకామె, పగలు రవాణా కంపెనీలో ఉద్యోగం చేసి, మిగిలిన తీరికంతా గొంతుకు ధారపోసే మనిషి. కొత్త ప్రతి జనంలోకి వెళ్ళాలంటే చివరి తాళం తిప్పేది ఆమే. ఆమె ఈ పనిలోకి దిగడానికి కారణం తల్లి. తల్లి బాలికల హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. తరువాత కంటినరం దెబ్బతిని చూపు పోయింది. అధికారం మాత్రం చెక్కుచెదరలేదు. తండ్రి తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఊరి త్రాసులన్నిటినీ అనుమానించి బతికిన మనిషి కనుక ఇంట్లో గోడగడియారాన్ని కూడా పూర్తిగా నమ్మడు. ఒకే మేడలో కింద తల్లిదండ్రులు, పైన కూతురు.

ఆ ఆదివారం ఉదయం కూతురు కిందికి దిగేసరికి తల్లి చెవిలోని ఇయర్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. పెట్టిన తీరులోనే ఫిర్యాదు వినిపించింది.

"ఏమే, నీ కొత్త గొంతు వాక్యాలు మింగుతోంది."

"మింగడమేమిటమ్మా?"

"డిటెక్టివ్ నవల వింటున్నాను. జమీందారు గది విడిచి వెళ్ళిపోయాడు. తలుపు కూడా వేసుకున్నాడు. మరుక్షణం అదే గదిలో కూర్చుని కాఫీ అడుగుతున్నాడు. మళ్ళీ ఎప్పుడొచ్చాడు? గోడలోంచి వచ్చాడా?"

"అలాంటి పుస్తకాల్లో వస్తారు," అన్నాడు తండ్రి, పత్రిక దించకుండానే. "రాసినవాడే కునికి ఉంటాడు. లేదా విన్నవాళ్ళు."

"మీరు నోరు మూసుకుని మీ వార్తలు చదువుకోండి. నేను క్లాసులో ఏనాడైనా కునికానా?"

"నువ్వు కునకలేదు. పిల్లల సంగతి నేను చెప్పలేను."

కూతురు నవ్వు ఆపుకుంటూ తల్లి కంప్యూటరు ముందు కూర్చుంది. తెర వెలిగించి, అదే పుస్తకం, అదే పేజీ తెరిచి వినిపించింది. జమీందారు బుద్ధిగా తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు, కుర్చీ లాక్కున్నాడు, కాఫీ అడిగాడు. వాక్యాలన్నీ ఉన్నాయి.

"చూశావా, అన్నీ ఉన్నాయమ్మా."

"నువ్వొచ్చావని మంచిపిల్ల వేషం వేస్తోంది. ఇన్‌స్పెక్షన్ రోజున స్కూళ్ళన్నీ ఇలాగే ఉంటాయి."

అయినా తల్లి వదలలేదు. కొత్త ప్రతిని విడుదలకు ముందు వాడిచూసే పాఠకుల జాబితాలో ఆమె కూడా ఉంది. వారందరిలాగే తానే టైపు చేసి ఫిర్యాదు పంపింది. ఇంట్లో చెబితే గొడవవుతుంది, అక్కడ చెబితే రికార్డవుతుంది అని ఆమె అభిప్రాయం. ఫిర్యాదీ తన తల్లి అని కూతురు ఆ కిందే రాసి, నియమం ప్రకారం దాని విచారణ నుంచి తప్పుకుంది.

విచారణకు ముగ్గురు ముందుకొచ్చారు. వారిలో పెద్దవాడు గొంతును మొట్టమొదట రాసిన మనిషి. నెరిసిన గడ్డం, ఎవరు ఏమడిగినా "అది మొదట ఎలా మొదలైందంటే" అని అందుకునే అలవాటు. అందరూ అతన్ని మూలపురుషుడంటారు. రెండో అతనికి పుట్టుకతో చూపులేదు. ఒక బ్యాంకులో ప్రోగ్రామరు. గొంతును అతను ఎంత వేగంగా వింటాడంటే పక్కవారికి టైపు మిషను మోగినట్టుంటుంది. అతని ముద్దుపేరు రేడియో. మూడో సాక్ష్యం మనిషిది కాదు. విడుదలకు ముందు వందలాది పుస్తకాలను తనంతట తాను పరీక్షించే యంత్రానిది. ముగ్గురూ ఒకే మాట చెప్పారు: తప్పు లేదు.

మూలపురుషుడు జవాబులో మర్యాదకు లోటు చేయలేదు. "దీర్ఘంగా వింటున్నప్పుడు శ్రోత ఏకాగ్రత క్షణకాలం చెదరడం సహజం," అని రాశాడు. తల్లి ఆ జవాబును గొంతు చేతనే చదివించుకుని వింది. తన ఏకాగ్రతమీద వచ్చిన వ్యాఖ్యను, ఏ ప్రోగ్రాంమీద తాను ఫిర్యాదు చేసిందో అదే తనకు వినిపించింది.

"ఈ వాక్యం మాత్రం మింగలేదు చూశావా!" అన్నది కూతురితో.

ఆ తరువాతి రెండు వారాల్లో తల్లి మరికొన్ని పుస్తకాలు విని, వాక్యం తెగినచోటల్లా ముందు మాటనూ వెనుక మాటనూ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఒకచోట ఓడ బయలుదేరకముందే రేవు చేరింది. ఒకచోట జవాబు వచ్చింది కాని ప్రశ్న రాలేదు. కూతురు వాటిని అసలు పుస్తకాల్లో వెతికి గుర్తు పెట్టి, విడుదల రోజున, అది శనివారం, కాగితాలమీద అచ్చు తీసి తండ్రి ముందు పరిచింది.

"నాన్నా, ఇవి చూడు. నేనేమీ చెప్పను. నీకేం కనబడుతుందో చెప్పు."

తండ్రి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఒక కాగితం, మరొకటి, ఇంకొకటి. వేలు ప్రతిసారీ ఒకేచోట ఆగింది.

"అన్నీ పేజీలో మొదటి వాక్యాలే."

"అమ్మకు పేజీ ఎక్కడ మారిందో తెలుస్తుందా?"

"ఎలా తెలుస్తుంది? చెవికి పేజీలుండవు కదా." కాగితాలు సర్దుతూ ఆగాడు. అతని ముఖంలో ఒక పాత కళ వచ్చింది. సీలువేసిన తూకపురాయి కింద సీసం ముక్క కనబడ్డప్పుడు వచ్చే కళ. "కునుకుకు కూడా పేజీలు తెలియవు. కునుకు వస్తే ఎక్కడైనా వస్తుంది. మీ అమ్మ కునకలేదు."

"ఆ మాట కాస్త గట్టిగా అనండి," అని లోపలిగదిలోంచి వినిపించింది.

"నువ్వు కునకలేదు!"

"నాకు తెలుసు. మీకు తెలియడానికి అచ్చుకాగితాలు కావలసి వచ్చాయి."

కాని సాక్షి లేడు. తండ్రి సాక్ష్యం చెల్లదు. కూతురిది అసలే చెల్లదు. ఆ సాయంత్రమే విడుదల. అది మామూలు విడుదలైతే ఫర్వాలేదు. తప్పు దొరికాక దిద్దుకోవచ్చు. కాని ఈసారి పరీక్షల శాఖవారు ఈ ప్రతినే తీసుకుని, చూపులేని అభ్యర్థులు కూర్చునే హాళ్ళన్నిటిలో ఏడాదిపాటు మార్చకుండా వాడబోతున్నారు. ప్రశ్నపత్రం ప్రతి పేజీలోనూ మొదటి వాక్యం పోయే అవకాశం ఉందంటే పోయేది వాక్యం కాదు, ఒకరి ఏడాది.

ఇలాంటి సమయానికి నియమావళిలో ఒక నియమం ఉంది. సాక్షి లేకపోయినా, మిగతా అందరూ వద్దన్నా, తాళం ఉన్న ఏ ఒక్కరైనా తన మాటమీద విడుదలను ఆపవచ్చు. వారంలోగా తప్పును రుజువు చేయాలి. చేయలేకపోతే తాళం అప్పగించి వెళ్ళిపోవాలి. ఆ నియమాన్ని అప్పటిదాకా ఎవరూ వాడలేదు. అది గోడకున్న నిప్పార్పే సిలిండరులాంటిదని, ఉండాలి కాని ముట్టుకోకూడదని అందరూ అనుకునేవారు.

సాయంత్రం విడుదల తాళం తిప్పవలసిన వేళకు ఆమె ఆ నియమం సంఖ్య రాసి, కింద ఒక వాక్యం చేర్చింది: "విడుదలను ఆపుతున్నాను."

రేడియో వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, ఏం చేశావు? నేను మీ అమ్మగారికన్నా వేగంగా వింటాను. నాకెక్కడా తెగలేదు. తాళం పోతుంది."

"పోతే పోతుంది తమ్ముడూ. పేజీల సంగతికి నువ్వు ఇంకో కారణం చెప్పగలిగితే ఇప్పుడే వెనక్కి తీసుకుంటాను."

"చెప్పలేను," అన్నాడు రేడియో. "అయినా చూడనిది చూశానని చెప్పలేను కదా."

"చెప్పమనను. అలా చెబితే నీ సాక్ష్యం నాకెందుకు?"

తల్లికి ఈ సంగతి తెలిసి, కూతురిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది. "నా మాటమీద నీ తాళం పందెం పెట్టావటే? ఎన్నేళ్ల కష్టం! అమ్మ కదా అని అలా చేయకూడదు."

"అమ్మవని కాదు. అమ్మవనే అయితే ఆ మొదటి ఆదివారమే ఆపేదాన్ని."

తల్లి ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "సరే," అంది. "అయితే ఫర్వాలేదు."

వారం మొదలైంది. కూతురు సెలవు పెట్టింది. కొత్త ప్రతిలో జరిగిన మార్పులను ఒక్కొక్కటే తీసేసి చూసింది; వాటిలో సగానికి పైగా మూలపురుషుడు స్వయంగా రాసినవి. ఏ మార్పు తీసినా, తీయకపోయినా, ఆమె విన్నప్పుడు తప్పు రాలేదు. తల్లి కంప్యూటరును పైకి తీసుకెళ్ళి విన్నది, రాలేదు. తల్లి వేగానికే పెట్టి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా రికార్డు చేసి, తరువాత నెమ్మదిగా విన్నది, రాలేదు. కంప్యూటరును తిరిగి తల్లి గదిలో పెట్టిన పూటే తల్లికి రెండు వాక్యాలు పోయాయి.

"నేనుంటే రాదు. నువ్వొక్కదానివే ఉంటే వస్తుంది," అంది కూతురు, మెట్లమీద చతికిలబడి. "చదువుకున్నదాన్ని అయ్యుండీ ఇలాంటి మాట అనవలసి వస్తోంది. దయ్యాల కథలన్నీ ఇలాగే మొదలవుతాయి."

తండ్రి ఆమె పక్కన కూర్చున్నాడు. "దయ్యాన్ని తరువాత చూద్దాం. దుకాణంవాడు నేను వచ్చినప్పుడు సరిగ్గా తూచి, నేను వెళ్ళాక తక్కువ తూచేవాడనుకో. త్రాసు అదే. రాళ్ళు అవే. మారిందేమిటి?"

"నువ్వు."

"నేను కాదు. నేను వచ్చినప్పుడు వాడు చేసే పని ఏదో మారేది. పళ్ళెం కింద అంటించిన మైనం తీసేసేవాడు. నువ్వు వచ్చినప్పుడు ఇక్కడ ఏం మారుతోంది? అది కనిపెట్టాలంటే నువ్వు దేన్నీ ముట్టుకోకూడదు."

మరునాడు మధ్యాహ్నం ముగ్గురూ తల్లి గదిలో చేరారు. కిటికీ పక్కన ఒక బల్ల, దానిమీద కంప్యూటరు, దాని వెనుక తల్లి చేతికందేలా గోడకు తగిలించిన ఇయర్‌ఫోన్. తండ్రి చేతిలో పుస్తకం అచ్చుప్రతి, పెన్సిలు. కూతురు చేతులు కట్టుకుని, తెర కనబడని గుమ్మం దగ్గర నిలబడింది. తల్లి రోజూ వినేట్టే వినాలి; విన్నదాన్ని విన్నట్టు నోటితో చెప్పాలి; తండ్రి వేలితో అచ్చులో వెంబడించాలి.

తల్లి వేగం తండ్రికి అందలేదు. "కొంచెం నెమ్మదిగా చెప్పు, రైలు పోతున్నట్టుంది."

"నెమ్మదిగా చెబితే వెనకబడతాను. మీరే పరుగెత్తండి."

అతను పరుగెత్తాడు. ఒక పేజీ సాఫీగా గడిచింది. రెండో పేజీ చివర వేలు తరువాతి కాగితం పైకి దూకింది, అక్కడే నిలిచిపోయింది. తల్లి గొంతు మాత్రం ముందుకు సాగింది.

"ఆగు!" అన్నాడు తండ్రి. "పోయింది. 'వంతెన కింద పడవ లేదు' అని ఉంది ఇక్కడ. నువ్వు చెప్పలేదు."

"అది చెప్పలేదు కాబట్టి నేను చెప్పలేదు."

కూతురు ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చి, అలవాటుగా తెర వెలిగించే మీటమీదికి చేయి చాచింది. మీట క్లిక్కుమంది.

"మళ్ళీ వెలిగించావూ?" అంది తల్లి. "వచ్చిన ప్రతివాళ్ళూ ముందు అది నొక్కుతారు. మీరు పోయాక నేను ఆర్పుకోవాలి."

కూతురి చేయి మీటమీదే ఉండిపోయింది. "నువ్వు తెర ఆర్పేసుకుని వింటావా?"

"మరి? నాకెందుకది?" తల్లి గొంతు కొంచెం తగ్గింది. "పైగా నేనేం వింటున్నానో మీ నాన్న వెనకనుంచి తొంగిచూస్తారు. చూసి, ఈ చెత్త నవలలేమిటి అంటారు."

తండ్రి పెన్సిలు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

కూతురు తెర ఆర్పింది. పుస్తకాన్ని వెనక్కి జరిపి తల్లి వేగానికే వినిపించి రికార్డు చేసింది. పేజీ మారినచోట వాక్యం పోయింది. తెర వెలిగించింది, వచ్చింది. వేగం తగ్గించి మళ్ళీ ఆర్పింది, వచ్చింది. తెరా ఆరి ఉండాలి, వేగమూ ఎక్కువ ఉండాలి. రెండూ కలిస్తేనే. కారణం చీకటి పడకముందే దొరికింది. పాత గొంతు పుస్తకాన్ని నేరుగా ఫైలునుంచి చదివేది. పని తొందరగా కావాలని మూలపురుషుడు చేర్చిన కొత్త మార్పు, పేజీలోని వాక్యాలను తెరనుంచి అడిగి తీసుకుంటుంది. ఆరిన తెర నిద్రలో ఉంటుంది. బదులివ్వడానికి ఒక్కోసారి ఒక్క రెప్పపాటు ఆలస్యం చేస్తుంది. నెమ్మదిగా వినేవారికి ఆ రెప్పపాటు వాక్యాల మధ్య విరామంలో కలిసిపోతుంది. వేగంగా వినేవారి దగ్గర గొంతు ఆగదు. అందిన రెండో వాక్యంతో మొదలుపెట్టేస్తుంది. ఆమె ఈ మార్పును కూడా తీసి చూసింది, కాని వెలుగుతున్న తెర ముందు కూర్చుని.

గొంతును పరీక్షించిన కళ్ళన్నీ వెలిగే తెరను చూస్తూనే పరీక్షించాయి. పరీక్ష యంత్రానికి కూడా ఎన్నడూ ఆరని తెరనే అమర్చారు. మిగిలింది ఒక ప్రశ్న. కూతురు రేడియోకు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నీ తెర ఆరి ఉంటుందా, వెలుగుతూ ఉంటుందా?"

"నాకెలా తెలుస్తుందక్కా?" అని నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, "వెలుగుతూనే ఉండాలి. ఆఫీసులో పక్క సీటతను నా కోడ్ చూడాలిగా. ఆరిపోతే వాడే గోల చేస్తాడు," అన్నాడు.

"ఆర్పి విను. ఏ పుస్తకమో నేను చెప్పను. నీకు నచ్చింది విను."

ఫోన్‌లో టైపు మిషను మోత మొదలైంది. ముగ్గురూ వింటున్నారు. మోత ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది.

"అక్కా," అన్నాడు రేడియో, "ఇది నాకు కంఠతా వచ్చిన పుస్తకం. మూడో పేజీ మొదటి వాక్యం లేదు. అమ్మగారున్నారా అక్కడ?"

"ఉన్నాను నాయనా."

"నేను సాక్షినండీ."

"నిజం విన్నావు గనుక చెబుతున్నావు. అంతే కదా?"

"అంతేనండీ."

సమావేశం గడువుకు ముందురోజు జరిగింది. తెరమీద గళ్ళుగళ్ళుగా ముఖాలు కనబడ్డాయి. ఇస్త్రీచీర కట్టుకుని తల్లి కూతురి పక్కన నిటారుగా కూర్చుంది; తాను కనబడని చోట కూర్చున్నానని తెలిసినా అలాగే కూర్చుంది. కూతురు రికార్డులను వినిపించింది. రేడియో తన సాక్ష్యం చెప్పాడు. ఎవరో ఒకరు, ఇది చాలా అరుదైన పరిస్థితి కదా, విడుదల చేసి తరువాత దిద్దుకుందామా అని అడిగారు.

"అరుదా?" అంది కూతురు. "చూపులేనివాళ్ళు తెర ఆర్పుకోవడం, వేగంగా వినడం గొంతుకు అరుదైన పరిస్థితైతే, గొంతు ఎవరికోసం?"

మూలపురుషుడు గడ్డం నిమురుకున్నాడు. "అది మొదట ఎలా మొదలైందంటే," అన్నాడు, కొందరి ముఖాలు కిందికి వంగాయి, "మా నాన్నగారికి చూపు లేదు. నేను చదివి వినిపించేవాణ్ణి. తొందరలో ఉంటే వరుసలు ఎగరగొట్టేవాణ్ణి. ఆయన వెంటనే పట్టుకునేవారు. ఈ మార్పు రాసింది నేను. సాక్షిగా వచ్చి తప్పు లేదని చెప్పింది కూడా నేనే. ఒక్కరి మాటతో విడుదల ఆపే నియమాన్ని ఆనాడు నేనే పట్టుబట్టి పెట్టించాను, ఏదో ఒకరోజు నన్ను ఆపవలసి వస్తుందని. ఆపింది. నియమావళిలో నాకు గర్వమున్న నియమం అదొక్కటే." ఆగి, "అమ్మగారు వింటున్నారా?" అని అడిగాడు.

"వింటున్నాను. ఏకాగ్రతతోనే," అంది తల్లి.

గళ్ళలో నవ్వులు పాకాయి. మూలపురుషుడు అందరికన్నా గట్టిగా, అందరికన్నా ఎక్కువసేపు నవ్వాడు.

"సాక్షి నియమానికి ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను," అన్నాడు తరువాత. "సాక్షుల్లో ఒకరైనా తెర ఆర్పి వినాలి."

ఓట్లకు పిలిచినప్పుడు కూతురు తన గడి మూసేసింది. ఫిర్యాదీ తల్లి కనుక ఆమెకు ఓటు లేదు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న తండ్రి, లెక్క చెబుతున్నంతసేపూ వేళ్ళమీద తనూ విడిగా లెక్కపెట్టుకున్నాడు. రెండు లెక్కలూ సరిపోయాయి. అతను లోపలికి వచ్చి, భార్య భుజంమీద చేయి వేసి, వెళ్ళి, ఆమె వినడం మధ్యలో ఆపేసిన నవల అచ్చుప్రతి తీసుకుని మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.

ఆ సమావేశం రికార్డులో ఇలా ఉంది. తప్పు రుజువైంది. సవరణ ఏకగ్రీవంగా నెగ్గింది. మూలపురుషుడు రాసిన మార్పును తొలగించారు. దాని బదులు కొత్తది రాసే పనిని ఆయనే తీసుకున్నారు. విడుదల వాయిదా పడింది. దిద్దిన ప్రతి మరుసటి నెలలో వెలువడింది. పరీక్షల శాఖ దాన్నే తీసుకుంది. విడుదల తాళం కూతురి దగ్గరే ఉంది.